పెరట్లోకి వెళ్ళిన డ్రాయింగ్ మాస్టారు

ఈ ఉదయం నూకరత్నం పెరటి తలుపు తీసేసరికి పెరడు మళ్ళీ పొడుగైంది. నిన్న సాయంత్రం వరకూ వెనక వీధి పాలకేంద్రం దగ్గర ఆగి ఉన్నది ఇవాళ దాన్ని దాటిపోయింది. పాలకేంద్రం వాళ్ళేమీ అనడం లేదు. పెరడు వాళ్ళ కౌంటరు కిందనుంచే పోతోంది గానీ పాలు తీసుకునేవాళ్ళకి అడ్డం రావడం లేదట.

ఇదంతా టైల్స్ పీకిన దగ్గర మొదలైంది. కాకినాడలో ఈ కాలనీ కట్టిన కొత్తలో అందరూ పోటీపడి పెరళ్ళకి సిమెంటు టైల్స్ పరిపించారు, మిగిలిన చోట తివాచీ గడ్డి వేయించారు. ఆ గడ్డికి నీళ్ళు పొయ్యలేక ప్రాణం విసిగిపోయేది. నూకరత్నం భర్త గవర్రాజు రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఒకరోజు గునపం పట్టుకొచ్చి టైల్స్ అన్నీ లేపేశాడు. తంగేడు, బలుసు, తుమ్మి, నల్లేరు లాంటివి, ఈ నేలలో వాటంతటవి పుట్టి పెరిగేవే ఉండాలన్నాడు. ప్రహరీ మీద వాటి బొమ్మలు వేస్తే చూసుకుని అవే మొలుస్తాయన్నాడు. వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని నూకరత్నం గొడవపడింది. ఆయన వినలేదు. బొమ్మ వేసిన చోటల్లా మర్నాటికి ఆ మొక్క వచ్చేది, ఒక్కో ఆకూ బొమ్మతో సరిచూసుకుంటూ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక పొద్దున ఆయన రంగుల డబ్బా పట్టుకుని గడప దాటుతుంటే నూకరత్నం నోరు జారింది.

"ఎక్కడికండీ?"

బయల్దేరే మనిషిని అలా అడగకూడదని ఆమెకి తెలుసు. అడిగితే వెళ్ళే పని చెడుతుంది. ఆ మనిషి వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు బయల్దేరాలి. ఆమె వెంటనే గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది కూడా.

"పెరట్లోకెళ్ళేవోడికి మంచినీళ్ళేంటే? నీ చాదస్తం నువ్వూను," అని నవ్వేసి వెళ్ళిపోయాడు గవర్రాజు.

వెళ్ళిన మనిషి వెళ్ళినట్టే ఉన్నాడు. ఇంటివైపు ఆయన ఒక అడుగు వేస్తే పెరడు రెండడుగులు పెరుగుతోంది. మొదట్లో బిందె అంత కనబడేవాడు, తరవాత చెంబంత. ఇప్పుడు చింతగింజంత ఉన్నాడు. కదుల్తున్నాడో లేదో కళ్ళు చికిలించి చూసుకోవాలి.

నూకరత్నం కాలుగాలిన పిల్లిలా వంటింటికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. ఆయన మాట కూడా ఆలస్యంగా వస్తోంది. పొద్దున్నే "ఉప్మానా, పెసరట్టా?" అని కేకేస్తే, మధ్యాహ్నం చారుకి పోపు పెడుతుండగా జవాబు గుమ్మంలోకి వస్తుంది. "పెసరట్టే. అల్లం కాస్త ఎక్కువెయ్యి." చారు దింపేసి ఆమె పెసరట్టు వేస్తుంది, గడప మీద పెడుతుంది, అది చల్లారిపోతుంది. మొదట్లో ఆమెకి ఒళ్ళు మండేది. ఇప్పుడు భయమేస్తోంది. ఈమధ్య ఆయన కేకల్లో "రత్నం" అనే మాట రావడం లేదు.

ఇవాళ వచ్చిన జవాబు ఇంకోలా ఉంది.

"ఎవరండీ, పిలిచింది?"

నూకరత్నం గుమ్మంలోకి పరిగెడుతుంది. పక్కింటి భాస్కరమ్మ గోడ మీదనుంచి తల పెట్టి చూస్తోంది.

"ఆయన తాగాల్సిన నీళ్ళు ఇంకా మీ గ్లాసులోనే ఉన్నాయి కదండీ, వదినగారూ," అంటుంది భాస్కరమ్మ. "అవి లోపలికెళితేనే గానీ ఆయన పని తెమలదు. పట్టుకెళ్ళి తాగించండి."

ఆ మాట నిజమే. ఆ రోజు తెచ్చిన గ్లాసు గుమ్మం పక్కన అలాగే ఉంది. నూకరత్నం గ్లాసు మీద అరచెయ్యి మూసి పెరట్లోకి దిగుతుంది.

మొదట తంగేడు దారికి అడ్డంగా వంగుతుంది.

"మాకు నీళ్ళక్కర్లేదండి," అంటుంది తంగేడు. "వానొస్తే తాగుతాం, లేపోతే ఊరుకుంటాం. మేస్టారు చెప్పే ఉంటారు."

"మరి ఇలా అడ్డం వచ్చేవేం?"

"ఆయ్, మీరింత దూరం పట్టుకొచ్చేక వద్దంటే మర్యాదగా ఉండదు కదండి."

ఆమె ఒక చుక్క పోస్తుంది. మర్యాద తెలిసింది అదొక్కటే కాదు. బలుసు వంగుతుంది, తుమ్మి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటుంది, నల్లేరు కణుపు కణుపుకీ విడివిడిగా మొహమాటపడుతుంది. పల్లేరుకాయలు సైతం ఆమె కాళ్ళకి గుచ్చుకుని, గుచ్చుకున్నందుకు క్షమించమని, ఆ పైన ఒక చుక్క పుచ్చుకుంటాయి. గ్లాసు సగమవుతుంది, సగంలో సగమవుతుంది. నూకరత్నం నడక పరుగవుతుంది.

పక్కనే ప్రహరీ వస్తోంది. మొక్కల బొమ్మల మధ్య ఆయన నూకరత్నాన్ని కూడా వేశాడు. తంగేడు పక్కన పీటేసుకుని వడియాలు పెడుతున్న నూకరత్నం, కుడి ముక్కుకి పుడక, గడ్డం మీద నూనె చిట్లిన మచ్చ. ఆమెకి సిగ్గేస్తుంది, సంతోషమూ వేస్తుంది. ఇంకొంత దూరం పోయాక పుడక ఎడమవైపుకి మారింది. ఆ తరవాత మచ్చ లేదు. ఆ తరవాత ముక్కే లేదు. ఇంకా ముందుకి పోతే, నల్లేరు ఒక్క కణుపు కూడా తప్పకుండా అచ్చం దించినట్టుంది. పక్కన కూర్చున్న ఆడమనిషికి కొప్పూ కొంగూ ఉన్నాయి, మొహం ఉండాల్సిన చోట ఉత్త సున్నం.

"నల్లేరుపాటి చెయ్యలేదా నేను?" అనుకుంటుంది నూకరత్నం. ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరిగెడుతుంది.

గవర్రాజు గోడకి ఎదురుగా నిలబడి బొమ్మ వేస్తున్నాడు. చొక్కా అంతా ఉత్తరేణి ముళ్ళు, చెవి వెనక ఒక తూనీగ కాపురం పెట్టింది. అడుగుల చప్పుడికి తిరిగి చూసి, ఎంతో మర్యాదగా అడుగుతాడు.

"ఎక్కడికండీ?"

నూకరత్నం ఆగిపోతుంది. ఇప్పుడు ఆమెనీ అడిగేశారు. ఆమె కూడా కూర్చుని నీళ్ళు తాగాలి. గ్లాసులో ఒక్క గుక్క ఉంది. ఆమె తాగితే ఆయన పని చెడినట్టే ఉంటుంది, ఆయన తాగితే ఆమెది చెడుతుంది.

ఆమె ఎటూ తేల్చుకోకముందే గవర్రాజు కుంచె తెచ్చి గ్లాసులో ముంచేస్తాడు. కంటి ముందు నీళ్ళు కనబడితే కుంచె ముంచకుండా ఉండలేని మనిషి. కాఫీలో ముంచిన రోజులున్నాయి. గ్లాసు పచ్చగా అయిపోతుంది.

"అయ్యో, తాగే నీళ్ళు కదండీ అవి!" నూకరత్నం గ్లాసు వెనక్కి లాక్కుంటుంది. "కాపరానికొచ్చిన కాణ్ణించీ నా గ్లాసులన్నీ ఇలాగే తగలేశారు. పెళ్ళిలో మా మావయ్య పెట్టిన వెండి గ్లాసుక్కూడా నీలం రంగు అంటించేరు!"

గవర్రాజు ఆ తిట్లు శ్రద్ధగా వింటాడు. ఏ తిట్టు తరవాత ఏది వస్తుందో ఆయన పెదవులకి ముందే తెలుస్తోంది.

"మీ మొహంలో కొంత ఖాళీ ఉండిపోయిందండి," అంటాడు. "కదలకండి."

కుంచె ఆమె నుదుటి మీద పెడతాడు. చల్లగా ఉంది. కనుబొమలు వేస్తాడు, ముక్కు వేస్తాడు. కుడి ముక్కు దగ్గర చెయ్యి ఆగుతుంది, పుడక పెడుతుంది. గడ్డం దాకా వచ్చి, మచ్చ దగ్గర కుంచె కిందకి జారిపోతుంది.

"రత్నం," అంటాడు గవర్రాజు. "ఎంతసేపైందే నువ్వొచ్చి?"

ఆమె ఏడుస్తూ ఆయన చొక్కా మీద ఉత్తరేణి ముళ్ళు ఒక్కొక్కటే పీకుతుంది. తరవాత గోడకి ఆనుకుని పక్కపక్కన కూర్చుంటారు.

"మనిద్దరం బయల్దేరడానికి లేదు," అంటాడు గవర్రాజు. "ఉన్న గుక్కా రంగైపోయింది."

"మరెలాగండీ?"

"ఇంకెవరైనా బయల్దేరాలి."

నేల కొద్దిగా అదురుతుంది. దూరంగా తంగేడు పూల మధ్యనుంచి వాళ్ళ ఇల్లు వస్తోంది. తొందరపడకుండా, రెండడుగులు వేసి ఆగుతూ, బట్టలారేసే తీగ వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. నల్లేరు తొక్కకుండా పక్కకి తప్పుకుంటుంది. వాళ్ళకి కాస్త ఇవతల నిలబడి, ముందు వసారా వంచి, గరిక మేయడం మొదలుపెడుతుంది.

దాని వెనకాల ఒక బుల్లి ఇల్లు ఉంది. ఇప్పుడే పుట్టిన దూడలా ఉంది. గోడలు తడితడిగా ఉన్నాయి, కిటికీలు ఇంకా తెరుచుకోలేదు. తూలుతూ వచ్చి నూకరత్నం ఒళ్ళో గడప ఆనిస్తుంది. గడప మెత్తగా, వెచ్చగా ఉంది. లోపల ఎవరో నిద్రలో చిన్నగా దగ్గుతారు. నూకరత్నం పెదవుల మీద వేలు పెట్టి భర్తకి సైగ చేసి, ఆ ఇంటి కప్పు మీద తడిని కొంగుతో ఒత్తుతుంది.