గోదావరి రాసిన ఇరవై మూడు ప్రశ్నలు

మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో అంబాదాస్ అంటే జకార్డు డిజైన్ల మాస్టర్. చాదరు మీద నెమలి పురి విప్పాలన్నా, టవల్ అంచున మామిడి పిందెలు తిరగాలన్నా, మగ్గానికి తగిలించే అట్టల్లో ఎక్కడెక్కడ చిల్లులు పడాలో ఆయన చెప్పాల్సిందే. పద్దెనిమిదేళ్లుగా అదే పని. 1989 వేసవిలో బొంబాయి ఎగ్జిబిషన్‌లో ఆయన చాదర్లు చూసిన ఒక టవల్ మిల్లు వాళ్లు, మూడేళ్లపాటు తమ దగ్గర పని చేయమని ఉత్తరం రాశారు. ఆ మిల్లు ఉన్నది ట్రినిడాడ్‌లో. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. పేటలో ఆ పేరు విన్నవాళ్లే లేరు.

ఉత్తరంలో భార్యకూ ఇద్దరు పిల్లలకూ టికెట్లు, ఉండడానికి క్వార్టర్ ఇస్తామని ఉంది. తల్లి యల్లమ్మ మాట లేదు. రాయలేదంటే కుదరదనే అర్థమనుకుని, అమ్మను తమ్ముడింట్లో ఉంచుదామని అంబాదాస్ తనలో తానే తీర్మానించుకున్నాడు.

మర్నాటి నుంచే సలహాలు మొదలయ్యాయి. అందరికన్నా ముందు వచ్చింది పక్కింటి పెంటప్ప. ఆయన మస్కట్‌లో రెండేళ్లు పనిచేసి వచ్చాడు గనుక ఏ దేశం గురించైనా ఆయన మాటే చివరి మాట.

"ఫారిన్ అంటె సలి ఉంటది. తలా రెండు స్వెటర్లు తీస్కపోవాలె. మామిడికాయ తొక్కు రెండు జాడీలు, ఒక మిక్సీ. ఇగ కంపెనీ వాళ్లను మాత్రం ఏం అడగొద్దు. సతాయించెటోళ్లని తెలిస్తె ఆర్డర్ వాపస్ తీసుకుంటరు."

చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న అంబాదాస్ భార్య గోదావరి తలెత్తింది. "మస్కట్ల సలి ఉండెనా అన్నా?"

"మస్కట్ల ఎండ. కని గిది వేరే కదా!"

గోదావరి మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. కూతురు వసంత పాత నోటుబుక్కు తీసుకుని, ఆకు కత్తిరిస్తూ ఒకటి, బియ్యం కడుగుతూ ఒకటి, వారం రోజులు గుర్తొచ్చినవన్నీ రాసింది. ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని శారదబాయి ఇంటికి పోయింది. మునిసిపల్ బడిలో ఇంగ్లీషు చెప్పే శారదబాయి వాటిని ఇంగ్లీషులో పెట్టి కవర్లో వేసి ఇచ్చింది.

ఆ కవరు భర్త చేతికిచ్చి, "పోస్టుల వెయ్యి" అంది గోదావరి.

అంబాదాస్ శారదబాయి చేత చదివించుకుని ఉలిక్కిపడ్డాడు. "ఇరవై మూడు ప్రశ్నలా! కరెంటు ఎన్ని వోల్టులు, పిల్లలకు ఏ సూదులు ఏపియ్యాలె, సర్టిఫికెట్లు మరాఠీల ఉంటె నడుస్తదా... ఏందిది? నౌకరీ పోతది."

"అడిగితె పొయ్యే నౌకరీ అయితె ఈడనే పోనీ. అంత దూరం పోయినంక ఎవర్ని అడుగుదం?"

ఆయన కవరు చొక్కా జేబులో పెట్టుకున్నాడు గానీ రెండు రోజులు పోస్టాఫీసు ముందు నుంచే వెళ్లి కూడా లోపలికి పోలేదు. మూడో రోజు పొద్దున యల్లమ్మ తన రాగి చెంబు తోమి కోడలి ముందు పెట్టింది.

"గిది మీరు తీస్కపోండి బిడ్డా. సిన్నోనింట్ల నాకు ఏదో ఒక గిలాస దొరకదా."

తమ్ముడింటి మాట అంబాదాస్ ఆమెకు ఇంకా చెప్పనేలేదు. ఎలా తెలిసిందో మరి. ఆయన ప్రశ్నల కాగితం విప్పి మళ్లీ చూశాడు. మొదటి ప్రశ్న ఏమిటో శారదబాయి చదివి చెప్పినప్పుడు సరిగ్గా వినలేదు. వసంతను పిలిచి అడిగాడు. "మా అత్తమ్మ మా వెంట రావచ్చా? రావాలంటే ఏ కాగితాలు కావాలి?" అని వసంత కూడబలుక్కుని చెప్పింది. అంబాదాస్ టీ కూడా తాగకుండా వెళ్లి కవరు పోస్టు చేసి వచ్చాడు.

నెల గడిచింది. పెంటప్ప కనిపించినప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు. అంబాదాస్‌కు అన్నం సయించేది కాదు. ముప్పై నాలుగో రోజున లావుపాటి కవరు వచ్చింది. శారదబాయి వచ్చి వాళ్ల గడపలో కూర్చుని చదివి, తెలుగులో చెప్పింది. చుట్టుపక్కల వాళ్లంతా చేరారు.

రాసింది మిల్లు ఆఫీసులో పనిచేసే సుమింత్ర అనే ఆమె. ఆమె ముత్తవ్వ ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఇండియా నుంచి ఓడలో పోయిందట. ఒక్కో ప్రశ్నకూ నంబరు వేసి మరీ జవాబిచ్చింది.

"అత్తగారిని తప్పక తీసుకురండి. ఫారం ఇందులో పెట్టాను. ఆమె కంటి మందుల గురించి అడిగారు, ఆ చీటీ డాక్టరు చేత ఇంగ్లీషులో రాయించండి. పిల్లల టీకాల కార్డులు లేకపోతే బడిలో చేర్చుకోరు. పుట్టిన సర్టిఫికెట్లకు ఇంగ్లీషు తర్జుమా, దాని మీద నోటరీ ముద్ర ఉండాలి. మా కరెంటు నూట పదిహేను వోల్టులు, మీ మిక్సీ ఇక్కడ తిరగదు. స్వెటర్లు వద్దు, ఏడాదంతా ఉక్కగానే ఉంటుంది. జూన్ నుంచి వానలు, గొడుగులు తెచ్చుకోండి. విత్తనాలు, పచ్చి కాయలు కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. పప్పు, బియ్యం, జీలకర్ర దొరుకుతాయి. వంకాయను మేమూ హిందీలో లాగే బైగన్ అంటాం."

"బైగనా!" అని యల్లమ్మ పకపకా నవ్వింది. తానూ పోతున్నానన్న సంగతి అప్పుడు తట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చివర మేనేజరు సంతకంతో నాలుగు వరుసలున్నాయి. బయటి దేశాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి ఇబ్బంది పడ్డాయనీ, ఇంత శ్రద్ధగా ముందే అడిగినవాళ్లు లేరనీ, ఈ ప్రశ్నలూ జవాబులూ అచ్చు వేయించి ఇకముందు వచ్చే ప్రతి కుటుంబానికీ పంపుతామనీ, దాని మీద శ్రీమతి గోదావరి పేరు వేయడానికి అనుమతి కావాలనీ.

అంబాదాస్ లేచి నిలబడ్డాడు. ఆయన డిజైన్లకు ఎన్నోసార్లు చప్పట్లు కొట్టారు గానీ ఛాతీ ఇట్లా ఎప్పుడూ పొంగలేదు.

"ఇన్నరా అందరు? గా ప్రశ్నలు మా ఇంటామె రాసింది. నేను భయపడి రెండు దినాలు జేబుల పెట్టుకొని తిరిగిన. ఆమె భయపడలే."

గోదావరి సిగ్గుపడి చేట దగ్గరికి జరుపుకుంది. పెంటప్ప కాసేపు మీసం సవరించుకుని, "చెల్లే, మా బామ్మర్ది దుబాయ్ పోతనంటున్నడు. ఆనికి గూడ ఏం అడగాల్నో జర రాసియ్యి" అన్నాడు.

దీపావళి వెళ్లాక ఐదుగురూ బయల్దేరారు. ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ విమానాశ్రయంలో అధికారి యల్లమ్మ పాస్‌పోర్టు చూసి ఏదో అడిగాడు. అంబాదాస్ తడబడ్డాడు. గోదావరి ఫైలు తెరిచి ఫారం, మందుల చీటీ, నోటరీ కాగితం వరసగా పెట్టి, "మై మదర్ ఇన్ లా" అంది. అధికారి ముద్ర కొట్టాడు.

బయట ఒకామె అట్టముక్క పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది. సుమింత్ర. వసంత ఆ అట్ట మీది అక్షరాలు పైకే చదివింది: "గోదావరి అండ్ ఫ్యామిలీ."

అంబాదాస్ రెండు చేతులా పెట్టెలెత్తుకున్నాడు. "నడువు, ముందల నువ్వే నడువు" అన్నాడు భార్యతో.