చాటు మాత్ర

కొత్త కోడలు చెంచా వెనక వైపుతో మాత్రను మెత్తగా నలిపి, ఆ పొడిని జావలో కలిపేసింది. పక్కగదిలో అత్తగారి అడుగుల చప్పుడు వినబడగానే గిన్నె మీద మూత పెట్టింది. మందుల షాపులో ఆ మాత్ర ఎవరికని కూడా అడగలేదు. జ్వరానికి ఏదో ఒకటివ్వమంటే ఇచ్చేశారు. మన వీధుల్లో రోజూ జరిగేదేగా ఇది!

పుస్తకాలు బైండింగ్ చేసే భర్త చొక్కాకి అంటిన జిగురు వాసన కూడా ఆమెకు ముద్దే. అలాంటి మనిషి జ్వరంతో మంచానపడితే, అత్తగారు పిలిపించిన యునానీ హకీం నాడి చూసి, "విశ్రాంతి, పల్చని జావ, గోరువెచ్చని నీళ్లు. ప్రస్తుతానికి అంతే" అని వెళ్లిపోయాడు.

"మందివ్వని వైద్యుడేంటండీ? అత్తయ్యని మాటలతో బుట్టలో వేసుకున్నాడు," అని భర్త చెవిలో గొణిగింది.

"పెళ్లికి ముందు నా జుట్టు నిజమైనదేనా అని లాగి చూసినదానివి. నీకెవరి మీద నమ్మకం గనక!" అని నీరసంగా నవ్వాడతను.

హకీం మళ్లీ వచ్చాడు. ఈసారి చాలాసేపు నాడి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన నొసలు ముడిపడింది.

"జ్వరం ఉన్నట్టుండి దిగుతోంది, మళ్లీ ఎగబాకుతోంది. ఇతని తబియత్ చేతులెత్తేస్తున్నట్టుంది. ఘాటైన మందు పెట్టక తప్పదు," అంటూ సంచిలోంచి సీసా తీశాడు.

"తబియత్ అంటే?" అంది కోడలు.

"ఒంట్లోనే ఉండే వైద్యుడమ్మా. ఎక్కువైనదాన్ని తగ్గిస్తుంది, తక్కువైనదాన్ని పెంచుతుంది. మేం దానికి సాయం చేసేవాళ్లం మాత్రమే. అది అలసిపోతేనే మా మందు."

సీసా చెంచా మీదికి వంగింది. ఆమె ఒక అడుగు ముందుకేసింది. జ్వరం అలా దిగి ఎక్కేది తన మాత్ర వల్లే అయితే?

"ఆగండి హకీం గారూ! జావలో నేనే మాత్రలు కలుపుతున్నాను!"

"ఓసి నీ తెలివి తగలెయ్య!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"జావ చేదుగా ఉంటే నా నాలుకే చెడిందనుకున్నానే!" అన్నాడు భర్త.

హకీం సీసాకి బిరడా బిగించాడు.

"అయితే జ్వరాన్ని దించింది నీ మాత్ర, రోగంతో పోరాడటానికి మళ్లీ పెంచింది ఇతని తబియత్. నువ్వు నన్ను అనుమానించావు. నేను ఇతని ఒంటిని అనుమానించాను. మనందరిలోకీ సక్రమంగా పని చేస్తున్నది ఆ ఒళ్లొక్కటే!"

ఆమె తల దించుకుంది. ఆయన గొంతు మెత్తబడింది.

"అనుమానం వస్తే మొహం మీదే అడుగమ్మా. ఆస్పత్రిలో చూపిద్దామంటావా, నేనే వెంట వస్తాను. తనను తాను సరిదిద్దుకునే శక్తి ఒంటికి పుట్టుకతోనే ఉంది. అది గెలుస్తోందో ఓడుతోందో వైద్యుణ్ణి చూడనివ్వండి. తెలిసీ తెలియని మాత్రతో దాని నోరు మాత్రం నొక్కకండి."