గోడకు పూచీ

నేను మొండిదాన్నే, ఒప్పుకుంటాను. కానీ నిలువెత్తు లేచిన గోడను కూలగొట్టమంటే ఎవరికి ఒళ్ళు మండదు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి మాట దేవుడెరుగు, ఇల్లే నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. మెదక్ చివర కొత్త కాలనీలో నా ప్లాటు. రాతి గోడలు, డంగు సున్నం, పైన మాత్రం సిమెంటు స్లాబు. "నవోమి టీచర్‌కు రిటైర్‌మెంట్ దగ్గరపడ్డది, జర తిక్క లేసింది" అని మా చర్చిలోనే అనుకున్నారు. అనుకోనీ! పాతికేళ్ళు కిరాయి ఇళ్ళలో ఉడికినదాన్ని. నాకు చల్లటి ఇల్లు కావాలి, అంతే.

మేస్త్రీ పేరు ఎల్లం. అరవై దాటాయి. సున్నాన్ని నెల రోజులు గుంటలో నానబెట్టి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కలుపుతాడు. తొందరపెడితే పని ఆపి బీడీ ముట్టిస్తాడు. ఆ ఏడు తెలంగాణ బందులకు సిమెంటు లారీలు తూప్రాన్ దగ్గరే ఆగిపోయి పక్క ప్లాటులో పని పడకేసింది. మా గోడలు మాత్రం కిటికీలు దాటాయి. నిజం చెప్పొద్దూ, నాకు మహా గర్వంగా ఉండేది.

అప్పుడు వచ్చాడు శశిధర్, ప్లాను పాస్ చేసే ఇంజనీరు.

"మేడం, పిల్లర్లు లేకుండ నేను సంతకం పెట్ట. గివి కూలగొట్టుండ్రి."

"రాతిగోడ కట్టొద్దని ఏ రూల్ల ఉందో చూపియ్యుండ్రి సార్" అన్నాను.

చూపించలేక ఎల్లం మీద పడ్డాడు. "ఏం ఎల్లం, సున్నం గంత గొప్పదైతే నీ ఇల్లు సిమెంటుతోని ఎందుకు కట్టుకున్నవ్?"

ఆ సంగతి నాకు తెలియదు. నన్ను నవ్వులపాలు చేశాడే అని ఎల్లం మీద కోపం వచ్చింది.

ఎల్లం తాపీ కింద పెట్టాడు. "సర్కారు ఇల్లు సార్. సిమెంటు గోడ లేస్తెనే బిల్లు అన్నరు. అందరికి సున్నంతోని కట్టిన చేతులు, నా పిల్లలకు కట్టకపాయె. గా సిగ్గు నాకుంది."

నా కోపం దిగిపోయింది. శశిధర్ మాత్రం నవ్వి, కాగితం తీశాడు. "సరే, గీ గోడ కూలితే పూచీ నాదే అని రాసిస్తవా? జైలుకైనా పోతవా?" ముసలాయన భయపడతాడని ఆయన లెక్క.

"రాయుండ్రి, సంతకం పెడత" అన్నాడు ఎల్లం.

"వద్దు ఎల్లన్నా" అన్నాను. వింటేనా! శశిధర్ రాసిన కాగితం మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. కాగితం మాత్రం చేతికివ్వలేదు.

"ఇగ మీరు గూడ ఒకటి రాయుండ్రి సార్. మీరు పాస్ జేసిన నా ఇల్లు మూడేండ్లకే పగిలింది, వానొస్తే కురుస్తది. దాని పూచీ మీదే అని సంతకం పెట్టుండ్రి. రెండు కాగితాలు ఒక్కసారే మార్సుకుందాం."

పక్క ప్లాటు కూలీలంతా వచ్చి నిలబడ్డారు. నేను సంచిలోంచి తెల్ల కాగితం తీసి శశిధర్ ముందు పెట్టాను. "రాయుండ్రి సార్" అన్నాను, క్లాసులో అన్నట్టే.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. కూలీల వైపు ఓసారి చూసి, నా ప్లాను మీద సంతకం గీకి వెళ్ళిపోయాడు. నేను ఎగిరి గంతేయబోయాను.

ఎల్లం నవ్వలేదు. "గా తెల్ల కాగితం నాకియ్యి టీచరమ్మా" అన్నాడు. "రేపు ఆఫీసుకు పోయి నా ఇంటి పూచీ అడుగుత."