పొయ్యికీ సింకుకీ మధ్య

"నువ్వేం కంగారు పడకు. నవ్వుతూ నిలబడు, చాలు," అన్నాడు చిన్నబాబు, స్టాల్ గోడకి చివరి డోర్‌మ్యాట్ తగిలిస్తూ.

నవ్వడం పిట్టకి కష్టమేం కాదు. పెళ్ళై మూడు నెలలు. విమానంలో కిటికీ సీటు దొరికితే నవ్వొచ్చింది, హోటల్లో అగ్గిపెట్టెంత సబ్బు చూస్తే నవ్వొచ్చింది, చిన్నబాబు అద్దం ముందు టైతో కుస్తీ పడుతుంటే మంచం మీద దొర్లి మరీ నవ్వింది. "పరాయిదేశంలో ట్రేడ్ ఫెయిర్. మన హనీమూన్ కూడా అందులోనే కలిసొచ్చేస్తుంది" అని అతనన్నప్పుడు ఎగిరి గంతేసింది. హనీమూన్ అంటే విమానాలు పెట్టేంత హాల్లో, చివరి వరసలో, బాత్‌రూముల పక్కన, డోర్‌మ్యాట్ల మధ్య అని అప్పటికి తెలీదు. తెలిశాక కూడా పెద్దగా బాధపడలేదు. ఎక్కడైతేనేం, పక్కన అతనున్నాడుగా.

పిట్ట అన్నది పుట్టింటి ముద్దుపేరు. నోరు మూతపడదని పెట్టారు. చిన్నబాబు అన్నది వాళ్ళ మ్యాట్ల ఫ్యాక్టరీలో పనివాళ్ళు అతన్ని పిలిచే పేరు. పెళ్ళైన వారానికే ఇద్దరూ ఆ పేర్లు కాజేసి, ఒకరినొకరు అలాగే పిలుచుకోసాగారు.

నవ్వు సంగతి సరే, నిలబడటమే కష్టంగా ఉంది. కొత్త హీల్సు కరుస్తున్నాయి. అంతకంటే లోపల ఇంకోటి కరుస్తోంది. పెళ్ళి మాటల్లో మావయ్య ఎంత ముచ్చటగా అన్నారు: "కామర్స్ చదివావు, ఇంకో భాష కూడా వచ్చు. ఎక్స్‌పోర్టులు మొదలుపెడతాం, ఆ కుర్చీ నీదేనమ్మా." ఆ మాట పట్టుకునే చేస్తున్న ఉద్యోగం మానేసింది. ఈ మూడు నెలల్లో ఫ్యాక్టరీ ఆఫీసులోకి టీ ట్రేతో తప్ప అడుగుపెట్టలేదు. ఒకరోజు ట్రే దించుతూ గుర్తుచేసింది. ఆయన కసురుకోలేదు, కప్పు అందుకుని ముద్దుగానే చెప్పారు: "ముందు ఎక్స్‌పోర్టులంటూ ఉండాలి కదమ్మా. ఈ ఫెయిర్‌లో ఏమీ తేలకపోతే ఇక ఆ ఊసే ఎత్తను." అంటే ఈ గోడ మీది మ్యాట్ల వైపు ఎవరైనా చూస్తేనే కుర్చీ. చూడకపోతే ట్రే.

మొదటిరోజు ఎవరూ చూడలేదు. నూలుతాడుతో అరచేయి మందాన అల్లిన మ్యాట్లు గోడ మీద తాతల ఫొటోల్లా వేలాడాయి. వాటి ముందు బల్ల, బల్ల వెనక చిన్నబాబు, టికెట్లు ఇచ్చేవాడిలా. వచ్చేవాళ్ళు దూరం నుంచే ధర చదివి వెళ్ళిపోయారు.

"వీళ్ళకి క్వాలిటీ తెలీదు," అన్నాడతను.

"నేనలా ఒక చుట్టు తిరిగొస్తా."

"సరదాగా చూసిరా. దారి తప్పకు."

సరదాగానే చూసింది. మూకుళ్ళ స్టాల్‌లో ఒకతను ఆమ్లెట్లు వేసి అందరికీ పెడుతున్నాడు. దిండ్లు అమ్మే ఆవిడ పెద్దపెద్ద బయ్యర్ల చేత కోట్లు విప్పించి పడుకోబెడుతోంది. జనం మూగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వస్తువుని వాడుతున్నారు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది పిట్ట. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ, ఆ హాల్లో మనిషన్నవాళ్ళందరూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు.

రెండోరోజు మధ్యాహ్నానికి ఇక తన వల్ల కాలేదు. గోడ మీంచి ఒక మ్యాట్ దించి కింద పరిచింది. హీల్సు విడిచి ఎక్కి నిలబడింది. ప్రాణం లేచొచ్చింది.

ఆ హాయిలో ఉన్నట్టుండి అత్తయ్య గుర్తొచ్చారు. వంటింట్లో చల్లటి బండ మీద, పొయ్యి దగ్గర కాసేపు, సింకు దగ్గర కాసేపు, ఇలాగే కాలు మార్చుకుంటూ. సాయంత్రానికి గోడ పట్టుకుని నడుస్తారు. "మడమలు లాగేస్తున్నాయే" అంటారు, అదేదో తన తప్పయినట్టు మెల్లగా. ఇంటి వెనకే గోడౌను, అందులో కప్పు దాకా మ్యాట్లు. "ఒకటి తెచ్చి వేసుకోవచ్చుగా అత్తయ్యా?" అని అడిగితే, "అవి అమ్మకానికమ్మా" అన్నారావిడ. పేపరు చాటునుంచి మావయ్య అందుకున్నారు: "వంటింట్లోకి ఎవరొస్తారని మ్యాట్?" అందరూ నవ్వారు. పిట్ట కూడా నవ్వింది. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఎవరొస్తారని? ఎవరూ రారు నిజమే, అక్కడే ఉండే మనిషికి రావడమేముంది.

"బాగుందా?"

నెరిసిన జుట్టావిడ, భుజాన పెద్ద సంచీ, మెడలో బయ్యర్ కార్డు. పిట్ట పాదాల్నే చూస్తోంది.

"చెబితే ఏం తెలుస్తుందండీ. చెప్పులు విడిచి ఎక్కండి," అంది పిట్ట ఆవిడ భాషలోనే.

ఆవిడ ఎక్కింది. సంచీ దించింది. కళ్ళు మూసుకుని రెండు కాళ్ళ మీదా సమంగా బరువు మోపింది.

"గుమ్మంలో వేసేదేనా ఇది?"

"అలా అనే తెచ్చాం. కానీ కాళ్ళు తుడుచుకోడానికి ఇంత మందం ఎందుకండీ? రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకిది."

తర్వాత ఇద్దరొచ్చారు, నలుగురొచ్చారు. "ఏంటే, స్టాల్ ముందు ఈ చెప్పుల గుట్ట?" అని గొణిగాడు చిన్నబాబు. "ముందు ఆ బల్ల పక్కకి లాగు, గుట్ట పెద్దదవుతుంది," అంది పిట్ట. లాగాడు. గోడ మీది మ్యాట్లన్నీ ఒక్కొక్కటే నేల మీదికి దిగాయి.

సాయంత్రం నెరిసిన జుట్టావిడ మళ్ళీ వచ్చింది. ఆవిడకి ఇంటిసామాన్ల దుకాణాలు చాలా ఉన్నాయట. "పొయ్యి దగ్గర్నుంచి సింకు దాకా ఒకే పొడుగున చేయగలరా?" అని చిన్నబాబుని అడిగింది. పిట్ట అతనికి అర్థం చెప్పింది.

"ఎంతుంటుందే ఆ దూరం?" అన్నాడతను.

"పుట్టి పెరిగిన ఇల్లు. నీకు తెలీదా?"

అతను బుర్ర గోక్కున్నాడు. నిజంగానే తెలీదు పాపం.

"మీ ఇళ్ళ కొలతలు మీరు పంపండి, శాంపిల్ మేం పంపుతాం," అంది పిట్ట ఆవిడతో.

"ఎవరికి రాయాలి?"

చిన్నబాబు కార్డు చాపాడు. ఆవిడ పిట్ట వైపు చూసి, "మరి ఈమె?" అంది.

"మా ఆవిడ," అన్నాడు, ఆ భాషలో తనకొచ్చిన రెండు ముక్కల్లో, ఎంతో మురిపెంగా. "నాకు తోడొచ్చింది."

ఆ మాట అతని నోట వినడమంటే పిట్టకి ఎంత ఇష్టమో. ఇంకెక్కడైనా అయితే పొంగిపోయేది. ఇక్కడ మాత్రం ఆ ముద్దుమాటే చేతిలో ట్రే పెట్టినట్టయింది. అతను చెడ్డవాడైతే ఎంత తేలికయ్యేది, పోట్లాడి ఊరుకునేది. మంచివాడు. పొద్దున్న పిట్ట హీల్సు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. అందుకే ఈ మాట ఇప్పుడే, ఇక్కడే, మెల్లగా సరిదిద్దాలి అనుకుంది. ఈసారి ఊరుకుంటే ఇక జన్మంతా తోడుగానే వస్తుంది.

"నాకు రాయండి. ఎక్స్‌పోర్టులు చూసేది నేనే," అని తన మెయిల్ రాసిచ్చింది.

హోటల్‌కి తిరిగెళ్ళే బస్సులో చివరి సీటు దొరికింది. చిన్నబాబు ఆమె పాదాలు ఒళ్ళోకి తీసుకుని నొక్కుతున్నాడు.

"నాన్నకి చెప్పకుండా అనేశావేంటే?"

"ఎక్స్‌పోర్టులంటూ ఉంటే కుర్చీ నాదేనన్నారు కదా. మొదలయ్యాయి."

"ఆర్డరింకా రాలేదుగా."

"అక్కడ చెప్పులు విడిచి కార్డులిచ్చినవాళ్ళందరికీ వారంలోగా ఉత్తరాలు వెళ్ళాలి, శాంపిళ్ళు వాళ్ళు అడిగినట్టు మార్చి చేయించాలి. అది పని. దానికి జీతం. కోడలికి చీర కొనిచ్చినట్టు కాదు, అందరితో పాటు, అందరిలాగే."

"నేనేం కాదన్నానా?"

"కాదనలేదు. అవునని కూడా అనలేదు."

బస్సు రెండు స్టాపులు ఆగి కదిలింది. అతను ఆమె మడమ మీద బొటనవేలు గట్టిగా అదిమి, "అవును," అన్నాడు. "నాన్నతో నేనే చెబుతా."

"ఇద్దరం కలిసి చెబుదాం," అంది పిట్ట.

ఇల్లు చేరాక పిట్ట పెట్టెలు విప్పలేదు, కొలిచే టేపు బయటికి తీసింది. ఒక కొస తను పొయ్యి దగ్గర పట్టుకుంది. రెండో కొస పట్టుకుని చిన్నబాబు వంటింటి బండ మీద మోకాళ్ళ మీద కూర్చుని సింకు వైపు పాకుతున్నాడు. పొయ్యి ముందు మ్యాట్ పరిచి ఉంది. దాని మీద అత్తయ్య, గరిటె చేతిలో, ముందు ఒక కాలితో, తర్వాత రెండో కాలితో నొక్కి చూసుకుంటూ నిలబడ్డారు. కొడుకు అవతారం చూసి కంగారుపడ్డారు.

"ఏం పారేసుకున్నావురా అక్కడ?"

"వెతకనివ్వండి అత్తయ్యా," అంది పిట్ట, టేపు కొస వదలకుండా. "ఇంకా సగం దూరమే వచ్చాడు."