తమ్ముడు ఒప్పేసుకున్నాడు

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే. లిఫ్టులు బాగుచేయడం అతని పని. ఏ భవనంలో లిఫ్టు మొరాయించినా ముందు ఫోను అతనికే వచ్చేది. మోటారు గదుల తాళాలన్నీ గుత్తిగా అతని నడుముకు వేలాడుతుండేవి. ఒక భవనంలో మోటారు గదిలోంచి రాగి తీగ చుట్టలు మాయమైనప్పుడు పోలీసులు పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. తలుపు పగల్లేదు, తాళం అతని దగ్గరుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేరం వచ్చి అతని నెత్తిన పడింది. జైలుకు పంపించారు.

లాయరును పెట్టుకునే స్తోమత లేదంటే, ఉచిత న్యాయ సహాయం కింద ప్రభుత్వమే ఒకాయనను ఇచ్చింది. ఆ కబురు విన్న రోజు అక్క గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఆ పెద్దమనిషి నోరు తెరిస్తే ఒకటే మాట, వాయిదా. ఫైలు చూడలేదని ఒకసారి, ఇంకో కోర్టులో పనుందని ఒకసారి, ఊరికే ఒకసారి. తమ్ముణ్ణి కలవడానికి జైలు గడప తొక్కింది లేదు. ఫోనెత్తేవాడూ కాదు. విసిగిపోయి అక్క అతనికి వాయిదాల మావయ్య అని పేరు పెట్టింది.

నిజానికి ఆమె దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. తీగ పోయిందంటున్న సాయంత్రం తమ్ముడు ఊరికి ఆ కొసన మరో భవనంలో ఉన్నాడు. అక్కడ రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ ఇరుక్కుపోయింది. ఊపిరాడటం లేదని ఆవిడ ఏడుస్తుంటే, తలుపు సందులోంచి కబుర్లు చెప్పి, ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ బయటికి తీశాడు. అక్క వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి వెళ్లింది.

"పదమూడో ఎక్కం అందించబోయి వాడే తప్పు చెప్పాడమ్మా, లోపల్నించి నేనే దిద్దాను," అంది టీచరు. "ఆ సాయంత్రాన్ని నేను మర్చిపోతానా? ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెబుతాను."

చెప్పడానికి మనిషి దొరికింది. చెప్పించే దిక్కే లేకపోయింది. సాక్షి ఉందని కోర్టు గుమాస్తాతో అంటే, మీ లాయరుతో చెప్పించమన్నాడు. లాయరును మార్చమని న్యాయ సహాయ కార్యాలయానికి వెళితే, ఆ మాట ఖైదీయే అడగాలన్నారు. ఖైదీ చేత అడిగించమని జైలుకు వెళితే, అలాంటివి లాయరు వచ్చి చూసుకోవాలన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వాళ్ల వరస. లాండ్రీలో సెలవులన్నీ అయిపోయాయి. తోటివాళ్లు ఆమె వంతు దుప్పట్లు కూడా పిండుతున్నారు. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోతున్నాడు.

చివరికి న్యాయ సహాయ కార్యాలయంలో పైఅధికారి గది ముందు బైఠాయించింది. లేవమన్న ప్యూనుతో, లేస్తే వెళ్లడానికి నాకింకో ఆఫీసు మిగల్లేదు బాబూ అంది. ఆ మాట లోపలికి వినబడింది. మర్నాడే కొత్త లాయరును ఇచ్చారు.

కొత్త లాయరు వయసులో చిన్నది, గొంతు మాత్రం గట్టిది. అక్క చెప్పిందంతా మధ్యలో అడ్డు తగలకుండా విన్నది. ఆ సాయంత్రమే టీచరును కలిసింది. ఈ కేసు నిలబడదని, వచ్చే వాయిదాకు సాక్షిని తనే తీసుకెళ్తానని అన్నది. నెలల తర్వాత మొదటిసారి అక్క కడుపునిండా తిన్నది.

అయితే జైలు గేటు దగ్గర కొత్త లాయరును లోపలికి వదల్లేదు. వాళ్ల రిజిస్టరులో తమ్ముడి పేరు పక్కన ఇంకా పాత లాయరు పేరే ఉంది. పైనుంచి కాగితం రావాలన్నారు. ఆ వారం తమ్ముణ్ణి చూడటానికి అక్కకున్న ములాఖత్ కూడా కొత్త లాయరు రాకముందే అయిపోయింది. లాయరు మారిందన్న కబురైనా చెప్పండని గేటు దగ్గరి జవానును బతిమాలితే, చెబుతాంలే అన్నాడు.

చెప్పలేదు.

వాయిదా రోజు అక్క, కొత్త లాయరు, టీచరు ముగ్గురూ కోర్టుకు వెళ్లారు. కేసు మధ్యాహ్నం పిలుస్తారన్నారు. టీచరుకు మోకాళ్ల నొప్పి. కింద బెంచీ మీద కూర్చోబెట్టి అక్క టీ తెచ్చిచ్చింది. ఇంతలో ముందున్న కేసులు టపటపా వాయిదా పడి తమ్ముడి కేసు పైకి జరిగింది. సంగతి తెలిసి వాళ్లు మెట్లెక్కి వెళ్లేసరికి, గోడ మీది వీడియో తెరలో జైల్లోంచి కనబడుతున్న తమ్ముడు అప్పటికే ఒప్పేసుకున్నాడు. తీగ నేనే తీశాను అన్నాడట. రెండుసార్లు అడిగినా అదే చెప్పాడట. లోపలున్న కాలమే శిక్షగా సరిపోయిందని జడ్జి తేల్చేశాడు.

కొత్త లాయరు లేచి అతని తరఫున తాను వచ్చానని, సాక్షి బయటే ఉందని చెప్పింది. మీ పేరు కోర్టుకు చేరలేదు, ముద్దాయే ఒప్పుకున్నాడు, అభ్యంతరముంటే పైకోర్టుకు వెళ్లండి అని జడ్జి తర్వాతి కేసు పిలిచాడు. కోర్టు కాగితాల్లో ఇంకా తన పేరే ఉండటంతో హాజరైన వాయిదాల మావయ్య మాత్రం ఆరోజు వాయిదా అడగలేదు. వరండాలో ఎదురుపడి, "ఏమ్మా, సాయంత్రానికల్లా మీవాడు ఇంట్లో ఉంటాడు. ఇంకేం కావాలి?" అన్నాడు. టీచరు చేతికర్ర ఊతగా నిలబడి, ఆయన్ని పైనుంచి కిందికి ఎగాదిగా చూసింది.

సాయంత్రం తమ్ముడు ప్లాస్టిక్ సంచీతో బయటికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు. కావలించుకోవాలో చెంప పగలగొట్టాలో అక్కకు తోచలేదు.

"చెయ్యని దొంగతనం ఎందుకు ఒప్పుకున్నావురా?"

"ఒప్పుకుంటే ఇంటికెళ్తావన్నారు, లేకపోతే ఏడాదైనా ఇక్కడేనన్నారు. లోపల అందరూ అదే చెప్పారక్కా."

"టీచరుగారు కోర్టుకొచ్చారు. మంచి లాయరొచ్చింది. ఒక్క గంట ఆగుంటే."

"నాకెవరు చెప్పారు?" అన్నాడు తమ్ముడు.

అక్క అతని చేతిలోంచి సంచీ అందుకుని ముందు నడిచింది.

ఇంటికైతే వచ్చాడు గానీ, దొంగ అని కోర్టు ముద్ర పడినవాడి చేతికి తాళాలెవరిస్తారు? కంపెనీ వద్దు పొమ్మంది. ఇన్నాళ్లూ అతను పనిచేసిన భవనాల్లో వాచ్‌మెన్లే గేటు దాటనివ్వలేదు. పైకోర్టులో అప్పీలు వేద్దామని, కష్టమే అయినా పోరాడదామని కొత్త లాయరు ఫోను చేసింది. చేతులు కాలాక ఆకులెందుకన్నాడు తమ్ముడు. కోర్టు అన్న మాట వింటేనే లేచి అవతలికి పోయేవాడు. అక్క వదల్లేదు. అన్నం దగ్గర పోరింది, పడుకోబోతుంటే పోరింది. నీ కోసం కాదురా, ఇన్నాళ్లూ తిరిగిన నా కాళ్ల కోసమైనా రా అంది.

ఆ పోరు పడలేక ఒకరోజు అప్పీలుకు దరఖాస్తు పెట్టడానికి ఆమె వెంట న్యాయ సహాయ కార్యాలయానికి వచ్చాడు. కౌంటరులో ఉన్నాయన వివరం విని, ఇక్కడ జైల్లో ఉన్నవాళ్ల పని మాత్రమే చూస్తామని, బయటికొచ్చేశాడు కాబట్టి మళ్లీ మొదట్నుంచి వేరేచోట అడగాలని చెప్పాడు. ఆ వేరేచోటు ఆవేళ తెరవలేదు.

"చూశావా," అన్నాడు తమ్ముడు, తలుపు వైపు తిరుగుతూ.

"చూశాను," అంది అక్క. "రేపు తెరుస్తారుగా. లాండ్రీకి ఫోన్ చేసి, నేను రేపూ రానని చెప్పు."

తమ్ముడు విసుక్కుంటూనే ఫోను తీశాడు.