కంబళ్ల పాట లేనిదే ఊదని తాత

పొద్దున్నే ఆ ఇంట్లో మూడు పనులు ఒకేసారి మొదలయ్యేవి. అమ్మ పొయ్యి రాజేసేది. కూతురు తొట్టిలో దిగి, గిరాకీల కంబళ్లు తొక్కుతూ పాటెత్తుకునేది. గోడ మేకుకు వేలాడే తోలుతిత్తిలోంచి తాత ఊపిరి పొయ్యికి గాలి ఊదేది.

తాత పోయి పదేళ్లు. గాలి ఊదే మోటార్లు రాకముందు, సంగీతశాలలో గొట్టాల ఆర్గన్‌కి నలభై ఏళ్లు తిత్తులు ఊదిన మొనగాడు. ఒకసారి తుమ్మితే ఆర్గన్ వారం రోజులు మోగింది! పోతూ పోతూ, ఊపిరి వృథా ఎందుకని తిత్తిలో వదిలి వెళ్లాడు. కానీ మొండిఘటం. "ఇన్నాళ్లూ వాళ్ల పాటలకి ఊదాను, ఇక మన పాటకే" అన్నాడు. కంబళ్ల పాట వినబడకపోతే పొయ్యి వెలగదంతే.

కూతుర్ని అందరూ పిడుగు అనేవాళ్లు. ఊరికే అంటారా? ఆ పిల్ల తొట్టిలో కాలు పెడితే చాలు, మురికి తనంతట తానే గేటు తీసుకుని వెళ్లిపోయేది. మధ్యాహ్నం సంగీతశాలలో అదే కాళ్లతో ఆర్గన్ పెడళ్లు తొక్కేది.

"అది పెడలా, కంబళా?" ఆర్గన్ నేర్పే మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా. ఆ ఉతుకుడు పాట మానెయ్. ఎల్లుండి పరీక్షలో నెగ్గితే ఈ ఆర్గన్ కొలువు నీది. మధ్యలో ఆగావో, ఇక జన్మంతా తొట్టే."

"మానేస్తే తాత అలుగుతాడండీ."

"ఆయన అలక నాకు కొత్తా? నాకూ ఊదాడుగా!"

పరీక్షరోజు అమ్మ తిత్తిని చంకలో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. మనవరాలి పరీక్షకి తాతని ఇంట్లో ఎలా వదిలేస్తుంది?

పిడుగు వాయించింది. ఏం వాయించిందనుకున్నారు! వెనక వరస కుర్చీలు జానెడు ముందుకి జరిగాయి. సగంలో గాలి మోటారు గుర్రుమని, చచ్చింది. గొట్టాలు నీరసంగా మూలిగాయి.

అమ్మ ఎవర్నీ అడగలేదు. ఆర్గన్ వెనక్కి పరిగెత్తి, పాత తిత్తులు తగిలించే రంధ్రంలో తాత తిత్తి మూతి దూర్చింది.

"నాన్నా, ఊదు!"

ఉలుకూ పలుకూ లేదు.

"పాటెత్తవే పిడుగూ!"

వద్దన్నట్టు మాస్టారు వేలు ఊపారు. పిడుగు చూడనే లేదు. బూట్లు విసిరేసింది. చేతులు పరీక్షపాటని వదల్లేదు, కాళ్లు మాత్రం కంబళ్ల పాట అందుకున్నాయి.

తాత ఊదాడు! కిటికీలు వాటంతటవే తెరుచుకున్నాయి. పరీక్షకులు ముగ్గురూ బల్లకింద కాళ్లు తొక్కడం మొదలెట్టారు. చివరి స్వరం ఆగేసరికి తిత్తి చప్పబడిపోయింది. కొలువు పిడుగుదైంది.

మర్నాడు అమ్మ దగ్గుతూ పొయ్యి తనే ఊదుకుంటోంది. "మహానుభావుడు, అక్కడే మకాం పెట్టేశాడు" అని సణుగుతోంది.

గేటు చప్పుడైంది. మాస్టారు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది, బూట్లు చేతిలో ఉన్నాయి.

"మోటారు బాగుచేశారమ్మా. తిరుగుతోంది కూడా. కానీ మీ తాత గొట్టాలన్నీ బిగబట్టుకుని కూర్చున్నాడు. నేనేం వాయించినా కిక్కురుమనడు."

పిడుగు తొట్టిలో పక్కకి జరిగి చోటిచ్చింది.

"ముందు ఎడమ కాలు పెట్టండి మాస్టారూ. అది కంబళి, పెడల్ అనుకోకండి."