ఉల్లి అటక

దమయంతి ఉద్దానంలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్లయింది. పెళ్లయిన ఆర్నెల్లకే మొగుడు పోలారావు ఓడెక్కి రంగూన్ వెళ్లిపోయాడు. ఏడాదిగా అతని నుంచి కబురు లేదు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్త బొడ్డమ్మ.

వేసవిలో తవ్విన ఉల్లిపాయల్ని నీడలో ఆరబెట్టి, వెదురు అటక మీద పలచగా పరిచి, వానాకాలమంతా కాపాడుకోవాలి. సముద్రపు చెమ్మకు అవి ఊరికే మెత్తబడతాయి. ఒకటి కుళ్లితే పక్కదీ కుళ్లుతుంది. రోజు విడిచి రోజు దమయంతి నిచ్చెనెక్కి, తాటాకు కప్పు తలకు తగులుతుంటే వంగి పాకుతూ, ఒక్కొక్కదాన్నీ తిప్పి, పాడైనవి ఏరేది. దిగేసరికి నడుం నిలబడేది కాదు.

ఆమె తమ్ముడు అసిరయ్య పుట్టిల్లు పూండి నుంచి ఆమెను తీసుకెళ్లడానికి ఎప్పుడు వచ్చినా బొడ్డమ్మ దగ్గర ఒకటే మాట. ఉల్లిపాయలు ఆరాలి, ముసురు తగ్గాలి, అప్పుడు పంపిస్తాను.

ఆ శ్రావణంలో అసిరయ్య తడుస్తూ వచ్చాడు. "అమ్మకి పన్నెండు రోజులుగా జొరం, అత్తా. దమయంతప్పని సూడాలంతంది."

"ఈ ముసుర్లో అటక ఎవలు సూత్తారు? నీరెండ కాసినాక పంపిత్తాను," అంది బొడ్డమ్మ.

దమయంతి అటక మీదే ఉంది. ప్రతి మాటా వినిపించింది. దిగివచ్చి తమ్ముడి వెంట నడిచిపోవాలనుకుంది. కానీ అత్త మాట కాదని గడప దాటితే మళ్లీ ఈ ఇంట్లోకి రానివ్వరు, పుట్టింట్లో ఎన్నాళ్లుంటుంది? ఆమె కదల్లేదు. అసిరయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె చెంబుడు నీళ్లు పైకి తీసుకెళ్లి ఉల్లిపాయల మీద చిలకరించింది. ఆ మర్నాడూ అదే చేసింది. ఉల్లిపాయలే లేకపోతే తనను ఆపడానికి ఏముంటుంది?

అయిదో రోజుకు ఇల్లంతా వాసన. బొడ్డమ్మ అన్నీ దింపించి అరుగు మీద పోయించింది. ఇద్దరూ కూర్చుని ఏరుతున్నారు. కాసేపటికి దమయంతి చూసింది, అత్త కుళ్లిన పాయను మంచి గంపలో వేస్తోంది. రెండోసారి కూడా.

దమయంతి ఒక తెల్ల ఉల్లిపాయ తీసి ఆమె ముందు పట్టుకుంది. "ఇదేటి రంగు అత్తా?"

బొడ్డమ్మ కళ్లు చికిలించింది. "ఎర్రది," అంది.

దమయంతి చెయ్యి కిందికి దిగిపోయింది.

"కళ్లు ఆనక రెండేళ్లయినాది," అంది బొడ్డమ్మ. "నువ్వెల్తే తిరిగి రావని బయం. నా కొడుకూ వత్తానన్నాడు గదా."

"నీళ్లు పోసింది నానే, అత్తా."

"తెలుసు. కప్పు కారితే ఓ మూల తడుత్తాది గానీ అటకంతా తడవదు."

దమయంతికి కోపం వచ్చింది. ఆ కోపం నిలవకుండా పోయినందుకు ఏడుపొచ్చింది. ఆమె అత్త చెయ్యి పట్టుకుని ఒక పాయ మెడ మీద పెట్టింది. "ఇక్కడ నొక్కు. మెత్తగుంటే తీసెయ్. గట్టిగుంటే గంపలో వెయ్." పొద్దు వాలేవరకూ అలాగే నేర్పింది. బాగున్నవాటిని జడలుగా అల్లి, బొడ్డమ్మ చేతికందేలా అరుగు వాసానికి కట్టింది.

తెల్లారి మూట కట్టుకుంటే బొడ్డమ్మ అడ్డు చెప్పలేదు.

పూండిలో తల్లి ఆమెను గుర్తుపట్టింది. ఇంకా ఆరు రోజులు బతికింది. కర్మలన్నీ అయ్యాక అసిరయ్య అన్నాడు, "నువ్విక్కడే ఉండిపో, అప్పా. ఎవలూ అడగరు."

ఆమె రెండు వారాలు ఉంది. రోజూ ఇంటిపనులన్నీ చేసింది, నవ్వింది కూడా. ఒకరోజు మధ్యాహ్నం మూట మళ్లీ కట్టింది.

"బావ లేని ఇంటికి ఎందుకెల్తన్నావు?" అన్నాడు తమ్ముడు.

"తెల్దురా," అంది దమయంతి. ఎవరూ రమ్మనలేదు. అయినా కాళ్లు జీడితోటల మధ్య దారినే పట్టుకుని నడిచాయి. ఎక్కడో ఆగి వెనక్కి తిరగొచ్చని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

గుమ్మంలో అడుగుల చప్పుడు విని బొడ్డమ్మ తలెత్తింది. "ఎవలు?"

"నానే, అత్తా."